బడికి ముందు బడి ఇల్లే: చిన్నపిల్లలకు మీ పత్రికలో కాస్త చోటివ్వండి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఏటా జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు. ఆ వారమంతా పత్రికల్లో ఫీజుల మీద, బ్యాగుల బరువు మీద, బస్సుల ఫిట్‌నెస్ మీద వార్తలు వస్తాయి. అవి రావాల్సినవే. ఒకటో తరగతి గడప తొక్కే పిల్ల ఇంటి నుంచి ఎన్ని మాటలు మోసుకొస్తోంది, వేళ్ల మీద ఎంత లెక్క తెచ్చుకుంటోంది అన్నది మాత్రం ఎక్కడా కనిపించదు. మూడో తరగతికి వచ్చేసరికి ఆ పిల్ల చదవగలుగుతుందా లేదా అన్నది చాలావరకు ఆ మూటను బట్టే ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదైంది, మన్నించండి. విషయం అలాంటిది.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. ఐదేళ్ల పిల్లవాడు రోజుకు 13, 14 గంటలు మెలకువగా ఉంటాడు. అంటే ఏడాదికి దాదాపు 5 వేల గంటలు. బడి పాఠం అందులో ఆరో వంతు లోపే. మిగిలిన గంటల్లో ఇల్లు ఏం మాట్లాడితే అది, ఏం ఆడిస్తే అది ఆ బుర్రలోకి చేరుతుంది. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా వయసును పునాది దశ అంది. 2021 జులైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతి ముగిసేలోపు ప్రతి బిడ్డకూ చదవడం, లెక్క చేయడం రావాలని 2026-27ను గడువు పెట్టుకుంది. గడువు వచ్చేసింది. గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూసే అసర్ సర్వే 2024లో తేల్చినది ఇది: దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి కథను చదవగలిగినవారు 27.1 శాతం, తీసివేత చేయగలిగినవారు 33.7 శాతం. ఈ సర్వే ఇంటికి వెళ్లినప్పుడు ఇంట్లో పాఠ్యపుస్తకాలు కాక చదవడానికి ఇంకేమైనా ఉన్నాయా, తల్లి ఎంతవరకు చదువుకుంది అని కూడా రాసుకుంటూ వచ్చింది. ఊరికే అడిగిన ప్రశ్నలు కావవి.

అయితే మన ఇళ్లలో పిల్లల చదువు మీద శ్రద్ధ లేదనడం అన్యాయం. రోజుకూలికి వెళ్లి వచ్చిన తల్లి కూడా పిల్లవాణ్ని కూర్చోబెట్టి పలక ఇస్తుంది. ఆ శ్రద్ధ వెళ్లాల్సిన చోటికి వెళ్లడం లేదన్నదే మా బాధ.

గోడకు తగిలించే అక్షరమాల చార్టునే తీసుకోండి. ఐ పక్కన ఐరావతం బొమ్మ ఉంటుంది. బిడ్డ దాన్ని చూసి 'ఏనుగు' అంటుంది. దాని కంటికి అది ఏనుగే మరి. దాంతో ఐ అన్న గుర్తుకు 'ఏ' శబ్దం అంటుకుంటుంది. ఖ దగ్గర ఖడ్గం ఉంటే 'కత్తి' అంటుంది, ఘ దగ్గర ఘటం ఉంటే 'కుండ' అంటుంది, ఢ దగ్గర ఢమరుకం ఉంటే 'డప్పు' అంటుంది. పెద్దవాళ్లు 'తప్పు, ఖడ్గం' అని దిద్దుతారు, పిల్ల అప్పజెబుతుంది, రెండు రోజులకు మళ్లీ కత్తే. ఆ మాట పిల్ల ఇంట్లో ఎప్పుడూ వినలేదు కాబట్టి శబ్దానికీ గుర్తుకూ ముడి పడదు. ఇంట్లో వినే మాటతో ముడిపెట్టి చూడండి. ఐ అంటే ఐదు, చేతి వేళ్లు చూపిస్తే చాలు. ఔ అంటే ఔను. ఖ అంటే ఖాళీ, ఖాళీ గ్లాసు బోర్లించి చూపించండి. ఘ అంటే ఘుమఘుమ, తాళింపు వేసేటప్పుడు చెప్పండి. ఢ అంటే ఢమాల్, బుడగ పేల్చండి. ఇక మర్చిపోరు.

రెండో పొరపాటు వరస. అ ఆ ఇ ఈ నుంచి మొదలుపెట్టి 56 అక్షరాలూ అయ్యాకే మాటలు అని చాలా ఇళ్లలో పట్టుబడతారు. ఋ, ౠ, ఌ దగ్గరే పిల్ల రెండు వారాలు ఆగిపోతుంది. ఆ అక్షరాలు పెద్దవాళ్లే ఏడాదికోసారి కూడా రాయరు. త, ల, వ, డ, గ, ప, క, జ, న, ర... ఈ పది చాలు మొదటికి. తల, వల, జడ, నగ, పలక, పడవ, గడప, కడవ, పడక, నడక, గరక. పది అక్షరాలకు పదకొండు మాటలు, అన్నీ ఇంట్లోనో పొలంలోనో కనిపించేవి. మొదటి నెలలోనే 'నేను చదివాను' అన్న ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం లేని పిల్ల చార్టు చూస్తేనే మొహం తిప్పుకుంటుంది.

తర్వాత గుణింతం. క కా కి కీ అని పాటలా అప్పజెప్పే పిల్లకు 'కొ' ఒక్కటే రాసి చూపించండి. మనసులో మొదటి నుంచి పాట పాడుకుని కొ దాకా వచ్చి అప్పుడు చెబుతుంది. అలా ఒక్కో అక్షరానికి పాటంతా పాడుకుంటే వాక్యం చివరికి వచ్చేసరికి మొదటి మాట మర్చిపోతుంది. అర్థం ఎక్కడిది? గుణింతాన్ని నిలువుగా కాక అడ్డంగా నేర్పాలి. ఈ వారం గుడి ఒక్కటే: కి, గి, డి, తి, పి, లి, వి. వెంటనే తడి, గడి, వడి, కవి, రవి. వచ్చే వారం కొమ్ము: కు, గు, లు, పు. వెంటనే గుడి, పులి, జడలు. ఇక్కడ ఒక చిక్కుంది, జాగ్రత్త. కు, గు, లు లకు కొమ్ము పక్కన పడుతుంది. పు, వు లకు కిందికి జారుతుంది. 'వు' చూసి 'మ' అనే పిల్లలు అందుకే అంతమంది. పాత పేపరు ఇచ్చి 'మ ఎక్కడుంటే అక్కడ సున్నా చుట్టు' అనండి. మ తో పాటు య, వు కూడా చుట్టేస్తే బిడ్డకు చూపు లేదనుకోవద్దు, తెలివి లేదనుకోవద్దు. ఆ మూడింటినీ పక్కపక్కన పెద్దగా రాసి ఏది ఎక్కడ మలుపు తిరిగిందో వేలితో దిద్దించాలి. బియ్యం పోసిన పళ్లెంలో రాయిస్తే ఇంకా మేలు. మూడేళ్ల పిల్ల వేళ్లకు పెన్సిల్ పట్టే బలం రాదు. ఆ వయసులో పేజీలకు పేజీలు చూచిరాత రాయిస్తే చెయ్యి నొప్పి పుడుతుంది, చదువంటే ఆ నొప్పే గుర్తుంటుంది. పిండి ముద్దలు చేయడం, చిక్కుడుకాయ ఈనెలు తీయడం, గింజలు ఏరడం ఆ వేళ్లకు సరైన సాధన.

ఒత్తులకు తొందర వద్దు. ఇంట్లో మొదట పలికే మాటల్లోనే అవి ఉన్నాయి నిజమే: అమ్మ, నాన్న, అక్క, అవ్వ, అత్త. కానీ త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. బిడ్డ దృష్టిలో అవి కొత్త అక్షరాలే. ముందు అమ్మ, నాన్న అన్న మాటలను బొమ్మలా మొత్తంగా గుర్తుపట్టనివ్వండి. విడదీసి చెప్పడం గుణింతం స్థిరపడ్డాక. మన లిపి పూర్తిగా చేతికి రావడానికి ఇంగ్లిష్ అక్షరాలకన్నా ఎక్కువ కాలం పడుతుంది. పక్కన కన్నడంలో జరిగిన పరిశోధనలు కూడా ఈ నేర్పు నాలుగో తరగతి దాకా సాగుతుందని చూపాయి. మొదటి తరగతిలోనే అన్నీ రాలేదని కొట్టడం ఎంత తప్పో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

ఇంకో మోసం కంఠస్థం. పాఠం గడగడా చదువుతుంటే తల్లిదండ్రులు మురిసిపోతారు. ఒక్క పరీక్ష పెట్టండి. పేజీ మీద చెయ్యి అడ్డుపెట్టి మధ్యలో ఒక్క మాట కనబడేలా చేసి 'ఇదేంటి నాన్నా' అని అడగండి. చెబితే చదువుతోంది. పై వాక్యం నుంచి మొదలుపెడితే పాడుతోంది. దానికి కోప్పడక్కర్లేదు, మాట కింద వేలు పెట్టి నెమ్మదిగా చదవడం అలవాటు చేస్తే సరిపోతుంది.

చదువురాని తల్లి ఇదంతా ఎలా చేస్తుందని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. బీహార్, రాజస్థాన్ గ్రామాల్లో తల్లులకు చదువు నేర్పడం ఒకటి, ఇంట్లో పిల్లలతో ఏం చేయాలో చూపించడం ఒకటి, రెండూ కలపడం ఒకటి, ఇలా మూడు రకాలుగా చేసి చూసిన అధ్యయనం ఉంది. 2017లో అచ్చయింది. పిల్లల చదువులో కనిపించిన ఫలితం చిన్నదే, దాన్ని పెద్దది చేసి చెప్పడం సరికాదు. రెండూ కలిపిన చోట మేలు ఎక్కువ. మేం దీన్ని ఇలా అర్థం చేసుకుంటున్నాం: తల్లికి సంతకం నేర్పి వదిలేస్తే పిల్లకు ఒరిగేది తక్కువ, ఆ తల్లికి పిల్లతో చేయాల్సిన పని చేతిలో పెట్టాలి. ఆ పనికి అక్షరాలు రాకపోయినా పర్వాలేదు. పిల్ల చదువుతుంటే పక్కన కూర్చోవాలి. ఎక్కడైనా ఆగితే వెంటనే అందించకుండా మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఓపిక పట్టాలి. అప్పటికీ రాకపోతే 'దాన్ని వదిలేసి ముందుకెళ్లు, రేపు టీచరమ్మనడుగు' అనాలి. చివర్లో 'అయితే ఆ కుక్క ఎందుకు పారిపోయింది?' అని అడగాలి. ఇంతే. పది నిమిషాలు. 'నాకు చదువు రాదు, నన్నడక్కు' అన్న మాట మాత్రం పిల్ల చెవిన పడనివ్వద్దు.

కథ చెప్పే అమ్మమ్మ, నాయనమ్మ ఉన్న ఇల్లు అదృష్టమున్న ఇల్లు. కథను ఏకధాటిగా చెప్పేయకుండా మధ్యలో ఆపి 'ఇప్పుడేం చేస్తాడంటావ్?' అనడం, మర్నాడు అదే కథను పిల్లచేత చెప్పించుకోవడం, పిల్ల 'పోయాడు' అని ఊరుకుంటే 'ఎక్కడికి పోయాడు, ఎట్లా పోయాడు?' అని వాక్యాన్ని పొడిగించడం... చదివి అర్థం చేసుకునే శక్తికి ఇదే విత్తు. ఎక్కువ మాటలు తెలియని బిడ్డ అక్షరాలు కూడబలుక్కుని చదివినా ఆ చదివింది ఏమిటో తెలియదు. పొడుపుకథ కూడా అలాంటిదే. మాటను ముక్కలు చేసే ఆటలు ఇంకా కావాలి: గు-మ్మ-డి అని చప్పట్లు కొట్టించడం, 'ప తో మొదలయ్యేవి చెప్పు, పలక, పడవ... ఇంకా?' అని బస్సులో వెళ్తూ ఆడించడం. శబ్దం చెవిలో విడిపోతేనే కంటి ముందు అక్షరం విడిపోతుంది.

భాష గురించి ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడులు ఇంగ్లిష్ మీడియం బాట పట్టాయి, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్‌గా పుస్తకాలు వచ్చాయి. దాంతో ఇంట్లో తల్లిదండ్రులు 'కమ్ నాన్నా, ఈట్ చెయ్, సిట్ చెయ్' అని మొదలుపెట్టారు. ఆ ఇంగ్లిష్‌లో ఉన్న మాటలు ఇరవయ్యో ముప్పయ్యో. వాటితో ఆజ్ఞలు ఇవ్వొచ్చు. మబ్బు ఎందుకు పడుతుందో, తాత ఎందుకు అలిగాడో చెప్పలేరు. మీకు ఏ భాషలో కోపం వస్తుందో, ఏ భాషలో నవ్వొస్తుందో ఆ భాషలోనే బిడ్డతో మాట్లాడండి. అది శ్రీకాకుళం యాస కావచ్చు, తెలంగాణ కావచ్చు, సీమ కావచ్చు. 'ఆనపకాయ' అనే ఇంటి నుంచి వచ్చిన పిల్లకు పుస్తకంలో 'సొరకాయ' కనిపిస్తే టీచరు రెండు మాటలూ పలకపై రాయాలి తప్ప ఇంటి మాటను తప్పు పట్టకూడదు. కోయ, గోండి, సవర, కువి, లంబాడీ ఇళ్ల పిల్లలకైతే తెలుగే పరాయి భాష. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారు చేసుకున్న అనుభవం మనకుంది. ఆ పని మళ్లీ ఊపందుకోవాలి.

ఇక లెక్కలు. ఇక్కడ ఇంటి బలం మనవాళ్లకు తెలియనంత ఎక్కువ.

నాలుగేళ్ల పిల్ల వంద దాకా చెబుతుందని చుట్టాల ముందు చెప్పిస్తారు. ముందో గుప్పెడు చింతపిక్కలు పోసి 'ఐదు ఇవ్వు' అనండి. చాలామంది గుప్పెడంతా ఇచ్చేస్తారు. లేదా ఐదు పెట్టి 'ఎన్నున్నాయి?' అంటే ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అని లెక్కపెడతారు. 'అయితే ఎన్ని?' అంటే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు. చివర చెప్పిన అంకే మొత్తం అన్న సంగతి ఇంకా పట్టుబడలేదన్నమాట. వంద దాకా చెప్పడం అప్పటికి వట్టి పాటే. దీనికి మందు సులువు. లెక్కపెట్టడానికి ముందే మొత్తం చెప్పాలి: 'చూడు, మూడు గాజులున్నాయి. ఒకటి, రెండు, మూడు.' రోజూ మూడు నాలుగు సార్లు, వేర్వేరు వస్తువులతో. మూడు స్థిరపడ్డాకే నాలుగు, నాలుగు తర్వాతే ఐదు. భోజనానికి పీటలు వేయించండి, మనిషికో గ్లాసు పెట్టించండి. ఒక గ్లాసు తక్కువైతే 'ఇంకా ఎన్ని కావాలి?' అనండి.

తెలుగు సంఖ్యల పేర్లలో ఒక గొప్ప సౌకర్యం దాగుంది. 'పదమూడు' అన్న మాటలో పది ముందు, మూడు తర్వాత వినిపిస్తాయి. 13 అని రాసేటప్పుడూ అదే వరస. ఇంగ్లిష్ 'థర్టీన్'లో మూడు ముందొచ్చి పది తోకలో నలిగిపోతుంది. థర్టీన్ అని వినగానే 31 రాసే పిల్లలు, థర్టీన్‌కూ థర్టీకీ తేడా పట్టలేని పిల్లలు అందుకే ఉంటారు. హిందీ పిల్లలైతే వంద దాకా దాదాపు ఒక్కో సంఖ్యకు ఒక్కో పేరు గుర్తుపెట్టుకోవాలి. మన పిల్ల పదకొండు, పన్నెండు, పంతొమ్మిది దగ్గర కాస్త తడబడుతుంది. ఆ పైన ఇరవై, ముప్పై, నలభై, యాభై, అరవై, డెబ్బై, ఎనభై, తొంభై అన్న ఎనిమిది పేర్లు వస్తే 99 దాకా తానే అల్లుకుపోతుంది. పదులు, ఒకట్లు అన్న స్థానవిలువ భాషలోనే నేర్పి పెట్టారు మన పూర్వులు. ఇంట్లో అంకెలు ఇంగ్లిష్‌లో మాత్రమే చెప్పడం అంటే ఈ మేలును చేజేతులా పారేసుకోవడమే. రెండూ చెప్పండి, ముందు తెలుగు.

ఆటల గురించి పరిశోధన కూడా గట్టిగానే ఉంది. అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రామాని 2008లో పేద ఇళ్ల పిల్లలతో ఒక చిన్న ఆట ఆడించారు. వరసగా పది గళ్లు, ఒకటి నుంచి పది అంకెలు. కొద్ది వారాల్లో పావుగంట చొప్పున నాలుగుసార్లు. అంతమాత్రానికే లెక్కపెట్టడం, ఏ అంకె పెద్దదో చెప్పడం మెరుగైంది, తొమ్మిది వారాల తర్వాత చూసినా ఆ మెరుగు నిలిచే ఉంది. అంకెల బదులు రంగులున్న గళ్లతో ఆడినవాళ్లలో అది రాలేదు. తర్వాతి పరీక్షలో గళ్లను గుండ్రంగా పెడితే ఫలితం పలచబడింది, తిన్నగా ఉంటేనే బాగా పనిచేసింది. మన ముంగిట్లో సుద్దముక్కతో పది గళ్లు ఎడమ నుంచి కుడికి గీయడానికి పైసా ఖర్చు లేదు. అరగదీసిన చింతపిక్క ఒకటి చాలు, తెలుపు పడితే ఒకటి, నలుపు పడితే రెండు. ఆడేటప్పుడు ఒక్క నియమం తప్పకూడదు. కాయ ఐదో గడిలో ఉండి రెండు పడితే 'ఒకటి, రెండు' అని జరపకూడదు, 'ఆరు, ఏడు' అని పలుకుతూ జరపాలి. ఆట ఫలించేది అలా పలకడంలోనే. వైకుంఠపాళి ఐదేళ్లు దాటాక మొదలుపెట్టండి. అందులో వరస ఒకసారి ఎడమ నుంచి కుడికి, ఒకసారి కుడి నుంచి ఎడమకు తిరుగుతుంది, చిన్నపిల్లలు తికమకపడతారు. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేసి వెల్లకిలా ఎన్ని పడ్డాయో చూడగానే చెప్పడం మరో సాధన: లెక్కపెట్టకుండా మూడును మూడుగా చూడడం.

వంటింట్లో ఉన్నంత గణితం ఏ వర్క్‌బుక్‌లోనూ లేదు. గ్లాసు మినపప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. మరి రెండు గ్లాసుల పప్పు నానబోస్తే? పాత కొలతపాత్రలు అటకమీదుంటే దించండి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మానికను గిద్దెతో నింపమంటే పదహారుసార్లు పోస్తుంది, గుణకారం కంటికి కనిపిస్తుంది. వాకిట్లో ముగ్గు ఇంకా గొప్పది. ఏడు చుక్కలు పెట్టి ఎదురు చుక్క అంటే ఏడు, ఐదు, మూడు, ఒకటి అని రెండేసి తగ్గుతాయి. సందు చుక్క అంటే ఏడు, ఆరు, ఐదు, నాలుగు అని ఒక్కొక్కటి తగ్గుతాయి. చుక్క చుక్క కింద పడితే రెండు చివరలూ ఒక్కోటి పోతాయి, సందులో పడితే ఒక్కటే పోతుంది. ఆ మాట పిల్ల తనంతట తాను కనిపెట్టేలా అడగండి, మీరు చెప్పేయకండి. ఎదురు చుక్కల ముగ్గులో రెండు వైపులా కలిపి మొత్తం చుక్కలు ఇరవై ఐదు, లెక్కపెట్టించి చూడండి. మగపిల్లల్ని కూడా ముగ్గు దగ్గర కూర్చోబెట్టండి, తప్పేమీ లేదు.

ఒకటి మాత్రం ఇళ్లలోంచి మాయమవుతోంది, చిల్లర. కొట్లో ఫోనుతో స్కాన్ చేస్తే డబ్బు కనిపించదు, వినిపించదు. వారానికి రెండుసార్లయినా ఇరవై రూపాయల నోటు చేతికిచ్చి పద్నాలుగు రూపాయల సరుకు తెమ్మనండి. కొట్టాయన పద్ధతిలో పద్నాలుగు నుంచి పదిహేను, పదహారు... ఇరవై అని వేళ్ల మీద పైకి లెక్కపెట్టి ఆరు రావాలని తెలుసుకుంటుంది. ఇంటికొచ్చాక అదే లెక్కను పలక మీద 20 - 14 అని రాయించడం మర్చిపోవద్దు. ఈ రెండో అడుగు ఎందుకంటే, కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే పిల్లల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన అధ్యయనం 2025లో వచ్చింది. బేరం దగ్గర చిటికెలో లెక్క తేల్చే పిల్లలు అదే లెక్క కాగితం మీద ఇస్తే చేయలేకపోయారు. బడిలో మార్కులు తెచ్చుకునే పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. రెండిటి మధ్య వంతెన ఎవరూ వేయలేదు. ఆ వంతెన ఇంటి పలక మీద పడొచ్చు.

రెండు, మూడు తరగతుల్లో తీసివేత దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది. 41లోంచి 17 తీయమంటే 36 అని రాస్తారు. ఒకటిలోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి ఒకటి తీసేస్తారు. కొట్టినా తిట్టినా పోని తప్పిది. చీపురు పుల్లలు పదేసి రబ్బరుబ్యాండుతో కట్టి నాలుగు కట్టలు, ఒక విడి పుల్ల ముందు పెట్టండి. పదిహేడు ఇమ్మనండి. ముందు ఒక కట్ట ఇస్తుంది, తర్వాత ఏడు విడి పుల్లలు లేవని ఆగుతుంది, తానే ఇంకో కట్ట విప్పుతుంది. మిగిలింది రెండు కట్టలు, నాలుగు పుల్లలు. 'అప్పు తెచ్చుకోవడం' అన్న మాట ఆ తర్వాత చెబితే తలకెక్కుతుంది. ఎక్కాల బట్టీ కూడా అంతే, గుంపులు చేయడం వచ్చాక.

ఫోను మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది: రెండేళ్లలోపు అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దు. అక్షరాల పాటల వీడియో చూస్తే చదువే కదా అనుకుంటారు. వీడియో అడగదు, పిల్ల జవాబు కోసం ఆగదు. అదే వీడియోను పక్కన కూర్చుని, ఆపి ఆపి మాట్లాడుతూ చూస్తే కాస్త ఉపయోగం.

ఇక మా అభ్యర్థన. ఎన్నో ఇళ్లకు అచ్చులో రోజూ వచ్చే తెలుగు అక్షరం మీ పత్రికే. కొనని ఇంటికి కూడా పొట్లంగానో, అలమారులో పరిచిన కాగితంగానో చేరుతుంది. పిల్లల పేజీలు మీకున్నాయి, సంతోషం. కానీ అవి చదవడం వచ్చేసిన పదేళ్ల పిల్లలకు. చదవడం నేర్చుకుంటున్న ఐదారేళ్ల వాళ్లకు ఒక్క వాక్యం ఉండదు. వారానికి రెండు రోజులు, మొదటి పేజీ వెనకాల, అరచేయంత చోటు ఇవ్వండి. ఆదివారం అనుబంధంలో పెట్టకండి, అది విడిగా పోతుంది. అక్షరం కనీసం 24 పాయింట్ల సైజు ఉండాలి. వరసకు మూడు నాలుగు మాటలు, మొత్తం ఇరవై మాటలకు మించొద్దు. మాట వరస చివర విరగకూడదు. మొదటి మూడు నెలలు ఒత్తులు లేకుండా, నాలుగో నెల నుంచి వారానికో ఒత్తు. రంగు కాగితం మీద తెల్లక్షరాలు వద్దు, అలంకారపు ఫాంట్లు వద్దు, వాటిలో మ, య, వు ఒకేలా కనిపిస్తాయి. కింద చిన్న అక్షరాల్లో పెద్దవాళ్లకు ఒక ప్రశ్న, ఒక లెక్క. 'మంచి పుస్తకం', నేషనల్ బుక్ ట్రస్ట్ వంటి సంస్థలు తక్కువ ధరకు పిల్లల పుస్తకాలు వేస్తున్నాయి, స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. ఎక్కడ ఏం దొరుకుతుందో నెలకోసారి చెప్పండి. అంగన్‌వాడీ టీచర్లు ఆ ముక్కలు కత్తిరించి అట్టకు అంటిస్తే ఏడాది తిరిగేసరికి వంద చదువు అట్టలవుతాయి.

నమూనాకు ఒకటి పంపుతున్నాం. ఒక్క ఒత్తు కూడా లేదు:

తాత వల వేశాడు.
వలలో చేప పడింది.
చేప ఎగిరి నీటిలోకి దూకింది.
తాత వల తీశాడు.
వేరే చోట వేశాడు.

(పెద్దవాళ్లకు: వలలో ముందు ఎన్ని చేపలున్నాయి, ఇప్పుడు ఎన్ని? తాత చోటు ఎందుకు మార్చాడు? పిల్ల ఏం చెప్పినా 'ఎందుకు?' అని ఇంకోసారి అడగండి.)

ఇలాంటివి ఏడాదికి సరిపడా వంద రాసి, వయసు వారీగా సర్ది, పారితోషికం లేకుండా ఇవ్వడానికి మేం సిద్ధం.

ఇట్లు,
ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులం, అంగన్‌వాడీ శిక్షకులం కొందరం